కోల రంధ్రాలు

రాయి నలిగే చోటు నుంచి రాతికుప్ప దాకా
తొమ్మిది వందల మీటర్ల బెల్టు.
దాన్ని గాలిలో నిలబెట్టే కాళ్ళు నా వంతు.
అంతోఫగాస్తాలో, మూడో అంతస్తులో,
సముద్రం వైపు కిటికీ మూసుకుని గీశాను.
తెరిస్తే కాగితాల మీద ఉప్పు పేరుకుంటుంది.

ముప్పై నాలుగు జతల కాళ్ళు.
ఒక్కో జతా మూట ఎత్తుకోబోయే కూలీలా
ఎడంగా, కాస్త ముందుకు వంగి.

లెక్కలో అన్నీ వేశాననుకున్నాను:
రాగిరాయి బరువు, బెల్టు బరువు, రోలర్లు,
నిండుగా ఆగిన బెల్టు మళ్ళీ కదిలేటప్పటి గుంజుడు,
మధ్యాహ్నం రెండింటికి ఠంచనుగా లేచే ఎడారి గాలి,
భూకంపం. మా దేశానికది
చుట్టపుచూపుగా వచ్చేది కాదు, ఇంటి మనిషే.

చుట్టిన బొమ్మలు చంకన పెట్టుకుని కొండెక్కాను.
ఎవారిస్తో మమాని చూశాడు,
ఇరవై రెండేళ్ళుగా తెగిన బెల్టులు అతికే మనిషి.
కుడి చూపుడువేలు సగమే ఉంది. ఆ సగంతోనే
పదిహేడో జత దగ్గర ఆగి అడిగాడు:
“ఇంజనీరమ్మా, బెల్టు తెగేదెక్కడ?”

ఎక్కడైనా తెగొచ్చు, అన్నాను.

“తెగడం ఎక్కడైనా తెగుతుంది. అతికేది ఇక్కడే.
క్రేను చెయ్యి అందేది ఈ ఒక్కచోటికే.
ప్రెస్సు రెండున్నర టన్నులు, తొమ్మిదిమందిమి,
పనిముట్ల పెట్టె, టీ కెటిల్,
రాత్రంతా ఈ నడవ మీదే.
నీ లెక్కలో ఇక్కడ ఎంతమంది?”

ఇద్దరు.
పుస్తకంలో ఉన్నంత వేశానని సణిగాను.
ఆ ఇద్దరూ కూడా ఎత్తు తెలియడానికి గీసినవాళ్ళు,
టోపీలున్నాయి, ముఖాల్లేవు.

మోసేవాడికి తెలుస్తుంది కావడి బరువు.
ఆ రాత్రి శిబిరంలో దుప్పటి కప్పుకుని
నడవ కింద రెండు దూలాలు పెంచాను,
పదిహేడో జతకి ఏటవాలు బద్దెలు మార్చాను.
ఉక్కు పన్నెండు వందల కిలోలు ఎక్కువైంది.
శాంతియాగో ఆఫీసు అడిగింది, ఎందుకని.
కారణం గడిలో “టీ కెటిల్” అని రాసి, కొట్టేసి,
“మరమ్మతు భారం” అని రాశాను.

ఒక్కచోట మాత్రం ఎవారిస్తో మాట వినలేదు.
కాళ్ళ తల మీద, దూలం కూర్చునే చోట,
బోల్టు రంధ్రాలు కోలగా కోయించాను.
“ఇదేం రంధ్రం? సాగిపోయిన గుండీ కాజాలా!”
పగలు ఉక్కు సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది,
ఓ చివర పట్టు, ఓ చివర విడుపు,
రెండూ లేని సంసారం ఈ ఎడారిలో
ఏడాది నిలవదు, అన్నాను.
అతని సంసారం సంగతి తెలియక అన్నాను.
నవ్వు ఆపి బోల్టు వైపే చూస్తూ ఉండిపోయాడు.

కట్టిన రెండో ఏడు, ఆగస్టు చలిలో,
తెల్లవారుజామున నేల నలభై సెకన్లు ఊగింది.
ఫోను రాగానే మొదట అడిగింది పదిహేడు గురించే.
ఆ వేళ నడవ మీద తొమ్మిదిమందీ ఉన్నారు.
ప్రెస్సు వేడి మీద ఉంది. అతుకు సగంలో ఉంది.
కింద పడింది కెటిల్ ఒక్కటే,
పద్దెనిమిది మీటర్లు.

మూడో రోజు నిచ్చెనెక్కి చూశాను.
వాషరు జరిగి జరిగి రంగు గీసుకుపోయింది.
స్కేలు పెట్టాను: పంతొమ్మిది మిల్లీమీటర్లు.
నేనిచ్చిన సందు ఇరవై రెండు.

ఆఫీసులో భుజం తట్టారు.
మొదట ఇరవై అయిదు రాసిన సంగతి వాళ్ళకి తెలియదు.
ప్లేటు అంచు చాలక, మధ్యాహ్నం ఆకలిలో,
రబ్బరుతో తుడిచి దిద్దిన ఇరవై రెండు అది.
ఇంకో మూడు తుడిచి ఉంటే?
నిచ్చెన మీద నా మోకాళ్ళు
ఏ లెక్కకీ లొంగకుండా వణికాయి.

కింద నుంచి ఎవారిస్తో కేకేశాడు.
కొత్త కెటిల్ వచ్చిందట,
తగిలించడానికి స్తంభానికో కొక్కెం కావాలట.

బొమ్మ తీశాను. సవరణ ఏడు.
కొక్కెం, ఒకటి.
భారం: రెండున్నర కిలోలు,
నీళ్ళతో సహా.